చదివిన కథ గురించి పిల్లల చేత మాట్లాడించడం ఎలా? ఒకటి నుంచి ఐదో తరగతి దాకా

"మా బాబు గడగడా చదివేస్తాడండీ. ఏం చదివావురా అంటే మాత్రం గోడకేసి చూస్తాడు." ఈ మాట ఏడాదికి పదిమంది దగ్గరైనా వింటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లయితే ఇంకోలా అడుగుతారు: "కథ అయిపోయాక ఏం చేయాలి మేడమ్? ప్రశ్న వేస్తే క్లాసంతా మూగనోము పడుతోంది."

నేను కోనసీమలో ఒక లంక ఊరి (గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు) ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. కింద రాసిందంతా ఆ బడిలో చేసి చూసి, కొంత చెడగొట్టుకుని నేర్చుకున్నదే. ఇంట్లో అరుగు మీద ఒక్క బిడ్డను కూర్చోబెట్టుకుని కూడా ఇదే పద్ధతి నడపొచ్చు.

ముందుగా ఒక తేడా తెలియాలి. "ఎన్ని చేపలు?" అని అడిగితే "ఏడండీ" అనడం జవాబు. "వేటకెళ్లినోళ్లు చేపలు తెచ్చారేంటండీ?" అని పిల్లాడే ఎదురడగడం స్పందన. మనకు కావలసింది రెండోది. అది రావాలంటే మీరు ఒక్క అలవాటు మానాలి: జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న అడగడం. పిల్లలు పరీక్షను దూరం నుంచే వాసన పట్టేస్తారు. పట్టిన క్షణం నుంచీ కథను వదిలేసి మీ మొహంలో జవాబు వెతుకుతారు.

ఉదాహరణలకు ఏడు చేపల కథనే వాడతాను. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక చేప, అడ్డమొచ్చిన గడ్డిమేటు, మేయని ఆవు, అలా అలా చీమ దాకా. ఇంటికొక తీరుగా చెబుతారు, ఏ తీరైనా ఫరవాలేదు.

1. ముందురోజు: పుస్తకం ఎంచుకోవడం

ఇక్కడ తప్పు చేస్తే తరవాత ఎంత తంటాలు పడినా లాభం ఉండదు.

రెండు రకాల పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి మీరు చదివి వినిపించేది. ఇది పిల్లల చదివే స్థాయి కంటే కాస్త పైదైనా పర్లేదు. ఇంకా గుణింతాల దగ్గరే ఉన్న పిల్ల కూడా విన్న కథ మీద బ్రహ్మాండంగా మాట్లాడుతుంది. రెండోది పిల్లలు తమంతట తాము చదువుకునేది. ఇది తేలికగా ఉండాలి.

తేలికా కాదా తెలుసుకోవడానికి వేళ్ల లెక్క ఒకటుంది. పిల్ల చేత ఒక పేజీ చదివించండి. తడబడిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు. పేజీకి నాలుగైదు వాక్యాలే ఉండే చిన్న పుస్తకాలకు నేను మూడు వేళ్లకే ఆపేస్తాను. ఒత్తులతో కుస్తీ పడుతున్న బుర్రకు కథ గురించి ఆలోచించే తీరిక ఉండదు.

కథలో తేలని ముడి ఒకటి ఉండాలి. ఎవరిది తప్పు, ఎందుకలా చేశారు, తరవాత ఏమైంది అని ఇద్దరు పిల్లలు వాదించుకోవడానికి చోటుండాలి. మంచివాడికి బహుమతి, చెడ్డవాడికి శిక్ష, కింద నల్లటి అక్షరాల్లో నీతి ఉన్న కథలు ఈ పనికి రావు. అక్కడ మాట్లాడడానికి ఏమీ మిగల్చరు.

పుస్తకాలు లేవు అనకండి. బడి గ్రంథాలయం పెట్టె తాళం తీయించండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటికి ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి అంకెలు వేసి ఉంటాయి కాబట్టి ఏరుకోవడం సులువు. అదీ కుదరకపోతే పాఠ్యపుస్తకంలోని పాఠమే చాలు. మన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిషు, ఎదుటి పక్క తెలుగు ఉంటుంది కదా, దాన్ని వాడుకోండి. పాఠం ఇంగ్లిషులో చదివినా దాని మీద మాట మొదట తెలుగులోనే సాగనివ్వండి.

తరవాత మీరు ఆ కథను రెండుసార్లు చదవండి. మొదటిసారి మామూలుగా. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ చిరాకేసింది అన్నది గుర్తుపెట్టుకోండి. రెండోసారి ఆగాల్సిన చోట్ల రెండు కాగితం ముక్కలు పెట్టండి. రెండే, మూడోది వద్దు. ఏడు చేపల కథలో నేను ఆగేవి: ఒక చేప ఎండలేదని తెలిసిన చోట, చీమను అడగబోయే ముందు.

ముందురోజు సరిచూసుకోవాల్సినవి:

- కథ నేను రెండుసార్లు చదివాను
- ఆగే చోట్లు రెండు గుర్తుపెట్టాను
- నాకే జవాబు తెలియని ప్రశ్న కనీసం ఒకటి దొరికింది
- పిల్లలకు తెలియని మాటలు మూడు నాలుగుకు మించి లేవు
- తెల్ల కాగితాలు, పెన్సిళ్లు, రంగులు దగ్గరున్నాయి

ఈ జాబితాలో మూడోదానికి టిక్కు పెట్టలేకపోతే కథ మార్చేయండి.

2. కూర్చోబెట్టడం

నేలమీద, అర్ధచంద్రాకారంలో. ఒకరి మొహం ఒకరికి కనపడాలి. బెంచీల వరసలో వీపులు చూసుకుంటూ కబుర్లు సాగవు. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వద్దు, కళ్లు మూతలు పడతాయి. పొద్దున్న మొదటి పీరియడు దొరికితే అదృష్టమే. మొత్తం పాతిక నిమిషాలు చాలు, ఒకటి రెండు తరగతులకైతే పదిహేను.

3. చదివి వినిపించడం

నెమ్మదిగా చదవండి. బొమ్మ ఉన్న పేజీ తిప్పే ముందు పుస్తకాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు అందరికీ చూపండి. పిల్లలు మీ మాటల కంటే ముందే బొమ్మను చదువుతారు. మీరు గమనించనిది వాళ్లు పట్టుకుంటారు.

మధ్యలో అర్థాలు చెబుతూ పోవద్దు. కావలసిన ఒకటి రెండు మాటలు కథ మొదలెట్టక ముందే చెప్పేయండి. గడ్డిమేటు మా పిల్లలకు తెలుసు, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఇప్పటికీ కొన్ని కనపడతాయి. టౌనులో పెరిగే పిల్లలకు ఫొటో చూపించాలి.

"అందరూ వింటున్నారా? అర్థమవుతోందా?" అని అడగకండి. మన గోదావరి పిల్లలు "ఆయ్" అంటారు. ఆ "ఆయ్"లో మర్యాద ఉంటుంది గానీ అర్థమైందన్న హామీ లేదు. కొత్తలో ఆ "ఆయ్" విని మురిసిపోయేదాన్ని. ఏడాది పట్టింది నాకు తెలిసి రావడానికి.

4. ఆగి, ఊరుకోవడం

మొత్తం పనిలో కష్టమైన మెట్టు ఇదే. టీచర్లం కదా, నిశ్శబ్దం అంటే మనకు టెన్షన్.

మొదటి కాగితం ముక్క దగ్గర ఆగండి. పుస్తకం ఒళ్లో పెట్టుకోండి. ఏమీ అడగకండి. మనసులో పది లెక్కపెట్టండి. నేను వెనక చెయ్యి పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెడతాను, లేకపోతే నాలుగు దగ్గరే నోరు తెరిచేస్తాను.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని 1970లలో ఒక సంగతి తేల్చారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకనే. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే పిల్లల మాటలు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, పిల్లలే ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడు సెకన్లకే అంత మార్పు.

పది దాటినా ఎవరూ మాట్లాడకపోతే మీరే మొదలెట్టండి. ప్రశ్నతో కాదు, మీ సొంత మాటతో. "నాకు ఇక్కడ ఒక సంగతి అంతు పట్టడం లేదర్రా. వేటకు వెళ్లినవాళ్లు జింకనో కుందేలునో తెస్తారు. వీళ్లు చేపలు తెచ్చారేంటి?" అని మళ్లీ ఊరుకోండి.

మా బడిలో దానికి వచ్చిన మొదటి మాట: "వేటంటే చేపలేటేనండీ. మా నాన్న రోజూ ఏటకే ఎళ్తాడు." నదిలో వల వేసే ఇంటి పిల్లాడు వాడు. నలభై ఏళ్లుగా తెలిసిన కథలో నేను అడవినే చూశాను, వాడు ఏటిని చూశాడు.

ఇక్కడ మీరు చేయకూడనిది "వెరీ గుడ్" అనడం. ఒకరి మాటకు శభాష్ పడితే మిగతా ఇరవై మంది అదే మాట మార్చి మార్చి చెబుతారు. "ఊఁ, తరవాత?" అనండి, లేదా అదే మాట తిరిగి అనండి: "అయితే వేటంటే చేపల వేటంటావు." చాలు.

5. అడగాల్సిన ప్రశ్నలు

ఆగినప్పుడు వచ్చే మాటలే ముఖ్యం. ప్రశ్నలు ఆ మంట ఆరిపోకుండా వేసే పుల్లల్లాంటివి, ఒకటి రెండు చాలు.

మామూలుగా అడిగేవి ఇలా ఉంటాయి, వాటిని ఇలా మార్చుకోండి:

- "రాజుగారికి ఎంతమంది కొడుకులు?" బదులు "ఏడుగురిలో ఎండని చేప తెచ్చినవాడు ఆ రాత్రి ఏమనుకుని ఉంటాడు?"
- "చేప ఎందుకు ఎండలేదు?" బదులు "ఇంతమంది ఇంకొకరి మీదకు నెట్టారు కదా, ఎవరి సాకు నీకు నమ్మబుద్ధి కాలేదు?"
- "చీమ ఏమంది?" బదులు "చీమ అన్నది న్యాయమేనా?"
- "ఈ కథలో నీతి ఏమిటి?" బదులు ఏమీ వద్దు. ఈ ప్రశ్న పూర్తిగా మానేయండి.

నీతి గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒక్క ప్రశ్నతో పిల్లలు కథలోంచి బయటికొచ్చి పుస్తకం చివరి పేజీలోకి వెళ్లిపోతారు. "అబద్ధమాడరాదు, పెద్దల మాట వినవలెను" అని రాగం తీస్తారు. చీమ పుట్టలో వేలు పెట్టిన పసిపాపకు ఏ నీతి చెబుతాం?

ఏ కథకైనా పనికొచ్చే ప్రశ్నలు ఇవి. కాగితం మీద రాసి మీ టేబుల్ మీద అంటించుకోండి:

- ఎక్కడ నీకు వింతగా అనిపించింది?
- ఇందులో నీకు తెలిసినవాళ్లలాంటి వాళ్లెవరన్నా ఉన్నారా?
- కథలో ఎవరినైనా ఒక మాట అడగొచ్చంటే ఎవరిని, ఏమని?
- ఇక్కడ నువ్వుంటే ఏం చేసేదానివి?
- ఏ ముక్క నచ్చలేదు?

చివరిది తప్పకుండా అడగండి. పుస్తకంలో ఉన్నది నచ్చలేదని అనొచ్చని చాలామంది పిల్లలకు తెలియదు. మొదటిసారి అడిగినప్పుడు మా మూడో తరగతి పిల్ల అటూ ఇటూ చూసి, "చెప్తే కొడతారా అండీ?" అంది. కొట్టనని చెప్పాక, "ఆరు చేపలున్నాయి కదండీ, ఒకటి ఎండకపోతే పులుసు పెట్టుకోవచ్చు, అంత గొడవెందుకు?" అంది. ఎండబెట్టడం కంటే పులుసు మంచిదని క్లాసంతా వాదన. ఆ రోజు లెక్కల పీరియడు పోయింది.

6. జోడీలు

అందరి ముందు మాట్లాడలేని పిల్లలు పక్కవాళ్ల చెవిలో మాట్లాడతారు. రెండో కాగితం ముక్క దగ్గర ఆగినప్పుడు, "పక్కనున్నవాళ్లకు చెప్పండి, రెండు నిమిషాలు" అనండి. తరవాత పిలిచినప్పుడు తన మాట కాకుండా పక్కవాళ్ల మాట చెప్పమనండి. అప్పుడు వినడం వచ్చి తీరుతుంది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉంటే నాలుగో తరగతి పిల్లను రెండో తరగతి పిల్లతో కలపండి. ఒకే గదిలో రెండు తరగతులుండడం ఇక్కడ కలిసొస్తుంది.

7. కుర్చీలో చీమ

మీ కుర్చీ మధ్యలో వేయండి. ఒక పిల్లాణ్ని కూర్చోబెట్టి, "ఇప్పుడు నువ్వు చీమవి" అనండి. మిగతావాళ్లు ప్రశ్నలు అడగాలి. చీమ చీమలాగే సమాధానం చెప్పాలి.

వరస ఇలా పెట్టుకోండి:

- ముందు మీరే కుర్చీలో కూర్చుని ఒకసారి చేసి చూపండి
- అడిగేవాళ్లకు ఒక నిమిషం ఇచ్చి, జోడీగా ఒక ప్రశ్న తయారు చేసుకోమనండి
- ఒక్కో పాత్రకు ఐదు ప్రశ్నలే
- తరవాత ఇంకో పాత్ర: గడ్డిమేటు, ఆవు, ఏడ్చిన పాప

నోరు తెరవని పిల్లలు ఇంకొకరి వేషంలో తెరుస్తారు. మాట రాకపోతే తలూపే పాత్ర ఇవ్వండి. ఎండని చేప తల అడ్డంగా ఊపితే చాలు.

జాగ్రత్త ఒకటి: పాలేరు, గొల్లవాడు లాంటి పాత్రలు వచ్చినప్పుడు ఆ పని చేసే ఇంటి పిల్లలకే అది అంటగట్టకండి. మిగతావాళ్లు దాన్ని వెక్కిరింతగా పట్టుకుంటారు, నెలల తరబడి వదలరు. ఎవరికి ఏ పాత్రో చీటీ తీయించండి.

8. బొమ్మ, ఆ తరవాత రాత

మాట్లాడకుండా రాయమంటే రాదు. మాట, బొమ్మ, రాత. ఈ వరస తప్పించొద్దు.

ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. మా బడిలో దాని పేరు "నా మాట". పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టినా సరిపోతుంది.

ఒకటి, రెండు తరగతులు: కథలో గుర్తుండిపోయిన ముక్క బొమ్మ గీస్తారు. మీరు పక్కన కూర్చుని "దీని గురించి చెప్పు" అనండి. చెప్పిన మాట చెప్పినట్టే బొమ్మ కింద రాయండి. "చీమ కుట్టీసి ఎళ్లిపోయింది" అంటే అలాగే రాయండి, "కుట్టి వెళ్లిపోయింది" అని దిద్దకండి. తన నోటి మాటే కాగితం మీదకు అక్షరాలుగా వచ్చిందని పిల్ల చూడాలి. మర్నాడు దాన్ని తనే చదువుతుంది, ఎందుకంటే అది తన మాట.

మూడో తరగతి: బొమ్మతో పాటు రెండు మూడు వాక్యాలు తనే రాయాలి. మొదలు దొరక్క అవస్థ పడితే ఒక పిలక అందించండి: "నాకు వింతగా అనిపించింది ఏంటంటే..." నెల తరవాత ఆ పిలక తీసేయండి, లేకపోతే ఐదో తరగతి దాకా అదే పట్టుకుని వేలాడతారు.

నాలుగు, ఐదు తరగతులు: కథలో ఒకరికి ఉత్తరం. ఏడు చేపల కథకు నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గడ్డిమేటుకే. "నువ్వు నడవలేవు కదా, నిన్ను అడ్డమొచ్చావంటే ఎలా ఒప్పుకున్నావు?" అని ఒకడు రాశాడు.

ఇక ఎర్ర పెన్ను సంగతి. ఈ పుస్తకంలో ఎర్ర పెన్ను పెట్టొద్దు. దీర్ఘాలు, ఒత్తులు దిద్దడానికి వేరే పీరియడు ఉంది. తప్పు రాసిన మాటను మీ జవాబులో సరిగా రాయండి, అంతే. పిల్లాడు "గడిమేటు" అని రాస్తే, కింద మీరు "గడ్డిమేటుకు కోపం వచ్చి ఉంటుందా?" అని రాయండి. చూసి దిద్దుకుంటారు. అందరూ కాదు, చాలామంది.

ప్రతి పిల్లకూ ప్రతిసారీ రాయలేం. రోజుకు ఐదు పుస్తకాలు, వారానికి అందరివీ అయిపోతాయి. ఒక్క వాక్యమే రాయండి, అది నిజంగా మీకు అనిపించినదై ఉండాలి. "బాగుంది" అని సంతకం పెట్టడం కంటే ఏమీ రాయకపోవడం నయం.

9. కథ కాని పాఠం చదివినప్పుడు

ఇది చాలామంది అడిగిన ప్రశ్న. సైన్సు పాఠం, పేపర్లో వార్త, గోడమీద నోటీసు లాంటివి చదివాక ఏం స్పందిస్తారు అని.

వరదల నెలలో మేము పేపర్లో ధవళేశ్వరం వార్త చదువుతాం. అక్కడ గోదావరి మీది కాటన్ బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఇది పిల్లలందరూ ఇంట్లో వినే మాటే. చేసే పని మూడు గళ్లలో:

- నాకు ముందే తెలిసింది
- ఇప్పుడు కొత్తగా తెలిసింది
- ఇంకా తెలియాల్సింది

పలక మీద మూడు గళ్లు గీసి నింపించండి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పాఠం మీద స్పందన రాలేదన్నమాట. మొదటి రెండు గళ్లను వదిలేసి మూడోదాని దగ్గరే కూర్చోండి.

ఐదో తరగతి పిల్ల ఒకతె అందులో రాసింది: "అక్కడ 11.75 అయితే మన రేవులో ఎన్ని మెట్లు మునుగుతాయి?" నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అప్పుడు పెద్దపిల్లలు ఇంటి దగ్గర పెద్దవాళ్లను వెంటబెట్టుకుని రేవు గట్టు మీద నుంచే మెట్లు లెక్కపెట్టుకొచ్చి, పేపర్లో అంకె పక్కన మెట్ల లెక్క రాయడం మొదలెట్టారు. రేవు మెట్లు దిగొద్దని, ఒంటరిగా వెళ్లొద్దని ముందే గట్టిగా చెప్పండి. గట్టు మీద నుంచి కనపడితే రాయాలి, లేకపోతే ఆ రోజు ఖాళీ వదిలేయాలి.

వరద గురించి చదివేటప్పుడు ఇంకో మాట. 2022 జులై వరదకు ఇళ్లు వదిలి వెళ్లిన కుటుంబాలు లంకల్లో చాలా ఉన్నాయి. కొందరు పిల్లలకు అది కబురు, కొందరికి ఇంకా భయం. "మీ ఇంట్లో నీళ్లొచ్చాయా?" అని వేలెత్తి ఎవరినీ అడగొద్దు. తనంతట చెబితే వినండి. బొమ్మ గీసి ఎవరికీ చూపనంటే పుస్తకం మూసి తన దగ్గరే ఉంచుకోనివ్వండి.

10. ఇంట్లో చేయాల్సింది

చదువు రాని అమ్మమ్మ, నాయనమ్మ ఈ పనికి అందరికంటే బాగా సరిపోతారు. వాళ్లకు పుస్తకంలో ఏముందో నిజంగానే తెలియదు కాబట్టి వాళ్లడిగే ప్రతి ప్రశ్నా అసలైన ప్రశ్నే. పిల్ల చదివి చెప్పాలి, ఆవిడ "ఆఁ, తరవాతేమైందే?" అనాలి. మధ్యలో "మా చిన్నప్పుడు ఇలా చెప్పేవోరు కాదే" అని అడ్డం తగిలితే ఇంకా మంచిది.

మా వైపు చాలా ఇళ్లలో అమ్మో నాన్నో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. వాళ్లడిగారు మేమేం చేయగలమని. వారానికి ఒక కథ గురించి పిల్ల చేత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టించండి, రెండు నిమిషాలకు మించకుండా. మీరు తిరిగి పంపే మెసేజ్‌లో "బాగా చదువుకో తల్లీ" అని ముగించకండి. కథ గురించి ఒక మాట అనండి: "నాకైతే ఆవు మీద జాలేసిందే." అక్కడి నుంచి పిల్ల మీతో వాదనకు దిగుతుంది.

పగలంతా రొయ్యల చెరువుల దగ్గరో కొబ్బరి ఒలుపులోనో అలిసి వచ్చే అమ్మానాన్నలకు రోజూ కుదరదు. వారానికి రెండు రాత్రులు, అన్నం తినే ముందు పది నిమిషాలు. ఫోను ఇంకో గదిలో ఉండాలి, మీది కూడా.

11. తప్పులు, వాటి దిద్దుబాటు

అందరి పుస్తకాల్లో ఒకే వాక్యం. ఇది నా సొంత ఘనకార్యం. ఒకసారి పైనుంచి తనిఖీకి వస్తారని తెలిసి, ఖాళీ పుస్తకాలు చూపడం ఎలాగని బోర్డు మీద "ఈ కథ నాకు చాలా నచ్చినది, ఎందుకనగా ఇందులో మంచి నీతి కలదు" అని రాసి అందరి చేత ఎక్కించాను. ఇరవై మూడు పుస్తకాల్లో ఒకే వాక్యం, నా బోర్డు మీది తప్పు దీర్ఘంతో సహా. తరవాత ఆరు వారాలు ఎవరూ సొంత మాట రాయలేదు, బోర్డుకేసే చూశారు. దిద్దుబాటు: బోర్డు మీద నమూనా పెట్టకండి. పెట్టాల్సి వస్తే ఒకదానికొకటి పోలికలేని మూడు పెట్టి, చదివించి, తుడిచేసి, అప్పుడు రాయమనండి.

ఒకరే మాట్లాడతారు. ప్రతి క్లాసులో ఒక చలాకీ పిల్ల ఉంటుంది. నోరు మూయించకండి. అందరికీ మూడేసి చింతపిక్కలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో వేయాలి. పిక్కలు అయిపోయినవాళ్లు వినాలి. చివర్లో పిక్కలు మిగిలినవాళ్ల వైపు తిరగండి, కానీ బలవంతం వద్దు.

"బాగుందండీ" దగ్గర ఆగిపోవడం. "ఎందుకు?" అని గుచ్చకండి, ఆ మాట పిల్లలకు తిట్టులా వినపడుతుంది. "ఏ పేజీ?" అని అడగండి. పేజీ తెరిచి చూపించాక మాట దానంతటదే వస్తుంది.

కథ మొత్తం అప్పజెప్పడం. మొదటి నుంచి చివరి దాకా పొల్లు పోకుండా చెబుతారు, తమ మాట ఒక్కటీ ఉండదు. గైడులు బట్టీ పట్టే అలవాటు ఇది. "మూడు వాక్యాల్లోనే చెప్పాలి" అని హద్దు పెట్టండి. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచుకోవాల్సి వస్తుంది, ఆ ఎంపికలోనే తన అభిప్రాయం బయటపడుతుంది.

కథలో లేనిది చెప్పడం. "రాజుగారికి కారుంది" అన్నాడనుకోండి. తప్పు అనకండి, "అది నీకు పుస్తకంలో ఎక్కడ కనపడింది?" అని పుస్తకం చేతికివ్వండి. ఒక్కోసారి బొమ్మలో నిజంగానే ఉంటుంది. లేకపోతే తనే నవ్వుకుంటాడు.

మిగతా పిల్లలు నవ్వడం. అప్పటికప్పుడు ఆపాలి. నవ్వినవాళ్లను తిట్టడం కంటే నవ్వించుకున్న పిల్ల మాటను మీరు సీరియస్‌గా తీసుకుని దాని మీద ఇంకో ప్రశ్న వేయడం త్వరగా పనిచేస్తుంది.

12. మొదటి నెల

మొదటి వారం చదివి వినిపించండి, ఆగండి, ఊరుకోండి. అంతే, రాత వద్దు. రెండో వారం జోడీలు, బొమ్మలు కలపండి. మూడో వారం కుర్చీ ఆట. నాలుగో వారానికి "నా మాట" పుస్తకాలు పంచండి. వారానికి మూడు రోజులు కుదిరితే చాలు. సంక్రాంతి సెలవులు, వరద సెలవులు వచ్చి తెగిపోతే మళ్లీ రెండో వారం నుంచి మొదలెట్టండి. ఒకటో వారానికి వెళ్లక్కర్లేదు.

నెలాఖరున మార్కులు వేయకండి. ఇవి చూసుకోండి:

- మీరు అడగకుండా పిల్లలే వేసిన ప్రశ్నలు వారంలో ఎన్ని?
- "వాడు చెప్పింది కాదండీ" అని పిల్లలు ఒకరితో ఒకరు విభేదించారా?
- పాతిక నిమిషాల్లో మీరు మాట్లాడినవి ఎన్ని? పది దాటితే ఎక్కువ
- ఈ నెలలో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్లలు ఎవరు? పేర్లు రాసుకోండి

ఆ చివరి పేర్లను వచ్చే నెల మొదటి రోజున జోడీల్లో ఎవరి పక్కన కూర్చోబెట్టాలో ముందే అనుకోండి. మా క్లాసులో ఈ నెల అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకడు బొమ్మలు మాత్రం పేజీ పట్టనంత గీస్తున్నాడు. వాడి పక్కన, చేపల పులుసు వాదన మొదలెట్టిన పిల్లను కూర్చోబెడుతున్నాను.